నొప్పి తెలియని కాలు

1963 మే 11, శనివారం, మధ్యాహ్నం పన్నెండున్నరకు నరసింహస్వామి గుట్ట కింద నేను చెప్పులు విడిచాను. నా కుడికాలు పోయింది ఆ గంటలోనే. డాక్టరు దాన్ని కోసి తీసేసింది నెల దాటినాక. అది వేరే సంగతి.

నేను నేతవాణ్ణి. మాది పోచంపల్లి పక్కన చిన్న ఊరు. బుద్ధెరిగినప్పటి నుంచి గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. మగ్గం కింద నేలలో తవ్విన గుంట ఉంటుంది, అందులో తొక్కుడు చెక్కలుంటాయి. పైన చేతులు పేక నూలు మోసే నాడెను విసురుతుంటే కింద కాళ్లు ఆ చెక్కలను తొక్కుతుండాలి. కాలు ఆగితే బట్ట ఆగుతుంది. అందుకే మావాళ్లు చెయ్యి విరిగినవాడి కన్నా కాలు చెడినవాణ్ణి చూసి ఎక్కువ జాలిపడతారు. ఈ బీమారి పడ్డ ఇన్నేండ్లలో నా భయమంతా ఆ కాలి చుట్టూనే తిరిగింది. ప్రాణానికి అంత భయపడలేదు.

చక్కెర బీమారి ఎందుకొస్తుందో డాక్టర్లు చెబుతారు. అది నా ఇంట్లో ఏండ్ల తరబడి తిరుగుతుంటే మేమెవ్వరం దాన్ని ఎట్లా గుర్తుపట్టలేదో, గుర్తుపట్టినాక కూడా ఏం చేశామో, అంతవరకు నేను చెప్పగలను.

1960 ఎండాకాలం

మొదట దప్పిక. చెంబు తాగితే చెంబు సరిపోదు, కడవ ముందర పెట్టుకొని కూర్చున్నా గొంతు తడారేది. తాగిన నీళ్లు తాగినట్టే బయటికి పోయేవి. మగ్గం ఎక్కడం, దిగడం, గోడ వెనక్కి పోయి రావడం. నేత సాగేది కాదు.

నా భార్య లచ్చమ్మ నవ్వేది. "నీ కడుపుల ఎవలన్న బాయి తవ్విన్రా ఏంది?"

"ఎండలు గట్లున్నయే," అన్నాను.

గోడ వెనక నేను కూర్చునే జాగాలో చీమలు బారులు కట్టేవి. అది చూశాను. చూసి, ఏ పిల్లలో బెల్లం పడేశారనుకున్నాను. చదువుతున్నవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మనిషి మూత్రానికి చీమలు పట్టాయంటే పిల్లల్ని తిట్టకండి, దవాఖానకు పోండి.

వేడి చేసిందని అందరూ అన్నారు. వేడికి మందు చలువ, చలువంటే మాకు బెల్లం పానకం, చెరుకు రసం. చెంబులకు చెంబులు తాగాను. తాగినకొద్దీ దప్పిక పెరిగింది. ఒళ్లు తగ్గింది. దండ కడియం జారి మోచేతికి వచ్చింది. ఇంటాయన చిక్కిపోతే మా వాడకట్టులో ఆడదాన్ని అంటారు, తిండి పెడతలేదని. ఆ మాట పడలేక లచ్చమ్మ వారానికోసారి పరమాన్నం వండేది కాస్తా దినం తప్పించి దినం వండింది.

ఇంకో సంగతి. మా నాయిన కాలంలో ఇంట్లో వండింది జొన్నగట్క. వరన్నం పండుగ నాటి తిండి. నూలుకు ముడులు కట్టి రంగులద్దే మా చిటికి చీరలకు గిరాకి పెరిగి నాలుగు పైసలు ఆడినాక మేము రెండు పూటలా తెల్లన్నం తిన్నాం. అది గొప్ప. వాకిట్లో కూర్చొని, పోయేవాళ్లకు కనబడేటట్టు తిన్నాం. పొద్దంతా మగ్గంలో కూర్చునే ఒళ్లు, పళ్లెం నిండా అన్నం, పైన బెల్లం. దీన్నే మేము సుఖం అనుకున్నాం.

1961 చలికాలం

అప్పటికి కాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. పొద్దున మగ్గంలో కూర్చుంటే పాదాలు నావి కానట్టు, ఎవరివో తెచ్చి అతికించినట్టు ఉండేవి. గుంట చెమ్మ పడుతుంది కదా, చలికి మొద్దుబారాయనుకున్నాను. మా ముసలోళ్లు చలికాలం గుంటలో కుంపటి పెట్టుకునేవాళ్లు. నేనూ పెట్టుకున్నాను. బొగ్గుల కుంపటి ఒక మూలకు, తొక్కుడు చెక్కలు ఒక మూలకు. కాలికి వెచ్చదనం తగిలేది కాదు. తగలట్లేదని కుంపటిని ఇంకాస్త దగ్గరికి జరిపాను. తర్వాత ఇంకాస్త.

ఒకనాడు పొద్దున లచ్చమ్మ కండెలు చుడుతూ ముక్కు ఎగబీల్చింది.

"ఏందో కాలుతాంది. నూలు అంటుకున్నదా, చూడు."

చూశాను. పడుగు బాగానే ఉంది, పేక బాగానే ఉంది. "ఏం లేదే," అని నాడె విసిరాను.

ఆమె లేచి వచ్చి గుంటలోకి వంగింది. వంగి అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నా కుడికాలి వేళ్లు రెండు కుంపటి అంచు మీద ఆని ఉన్నాయి. కాలుతున్నది నూలు కాదు.

నాకు నొప్పి లేదు. అది చూసి మా తమ్ముడు నర్సయ్య మెచ్చుకున్నాడు కూడా. "మా అన్నది ఉక్కు పిండం. వేళ్లు కాలినా కుయ్యిమనలే," అన్నాడు. నర్సయ్య మోత్కూర్‌లో బట్టల దుకాణం పెట్టుకున్న మనిషి. మాటలో ముందు, పనిలో ముందు, తిండిలో అందరికన్నా ముందు. నాలుగు దినాలు పసుపు పూశాం, నూనె రాశాం. వేళ్లు నల్లబడ్డాయి. వాసన మొదలైంది. అప్పుడు హైదరాబాదు బస్సెక్కాం.

1962, పెద్ద దవాఖాన

దవాఖానలో రోగం కన్నా ముందు కూర్చోవడం నేర్చుకోవాలి. పొద్దు పొడవకముందే వరండాలో చీటీ కోసం కూర్చోవాలి. చీటీ వచ్చినాక బల్ల మీద కూర్చోవాలి. బల్ల మీద జాగా లేకపోతే నేల మీద. పక్కవాడి బాధ వినాలి, మన బాధ చెప్పాలి, మధ్యాహ్నానికి ఇద్దరికీ చెప్పుకునేది అయిపోయి గోడను చూస్తూ కూర్చోవాలి. నా కాలి వాసనకు జనం దూరం జరిగేవాళ్లు. ఒక బుర్ఖా ముసలమ్మ మాత్రం జరగలేదు. తన సంచిలోంచి పాత మెత్తటి గుడ్డ చింపి ఇచ్చి, "కప్పుకో బేటా, ఈగలు వాల్తున్నయ్," అంది. ఆమె పేరు అడగలేదు. అడగాల్సింది.

లోపల ఒక గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో నా మూత్రం చుక్కలు వేసి, దీపం మీద కాచారు. నీలం పచ్చబడింది, పసుపైంది, చూస్తుండగానే ఇటుక ఎరుపైంది. రంగుల్లో చేతులు ముంచి బతికినవాణ్ణి, అంత త్వరగా ఎక్కే ఎరుపు నేనెక్కడా చూడలేదు. డాక్టరు ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూపించాడు.

"నీలంగా ఉంటే చక్కెర లేనట్టు. ఎరుపెక్కిందంటే నిండా ఉన్నట్టు. నీ కాళ్లలో నరాలు చచ్చుబడ్డాయి. నిప్పు పెట్టినా తెలియదు. తెలిసిందా?"

"తెల్వలే సారూ. అందుకేగద ఇక్కడికొచ్చింది," అన్నాను. ఆయన నవ్వలేదు.

రెండు వేళ్లు తీసేస్తామన్నాడు. పుండు పైకి పాకితే మోకాలి దాకా తీయాల్సి వస్తుందన్నాడు. ఆ మాట విన్న నాటి నుంచి నేను దినమంతా కాలిని చూస్తూ పడుకున్నాను. చూస్తూ ఉంటే ఎవరూ ఎత్తుకుపోరన్నట్టు.

పక్క మంచం మీద షాద్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన గొల్ల మల్లయ్య ఉండేవాడు. ఆయనదీ ఇదే బీమారి. ఆయనకు అప్పటికే ఎడమకాలు తీసేశారు.

"నేతన్నా, నిన్నేం కుట్టింది?" అన్నాడు మొదటినాడే.

"నిప్పు."

"నన్ను తుమ్మముల్లు. గంతే! గొర్ల ఎన్క తిరిగెటోన్ని, ముల్లు గుచ్చితే నవ్వెటోన్ని. ఈసారి నవ్వనీకె గూడ తెల్వలే." "నా కాలి వేళ్లు దురద పెడ్తున్నయ్, జర గోకరాదె," అన్నాడు, కాలు లేని జాగాను చూపించి. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను దుప్పటి కింద నా కాలిని తడుముకున్నాను.

ఒకనాడు నేను కట్టు మార్పించుకొని వచ్చేసరికి మల్లయ్య మంచం మీద వేరే మనిషి పడుకొని ఉన్నాడు. నేను అడగలేదు. ఎవరూ చెప్పలేదు.

నా వేళ్లు తీసిననాడు లచ్చమ్మ వరండాలో నేల మీద తల ఆనించి మొక్కుకుంది. నాకు తర్వాత చెప్పింది. "నరసింహస్వామీ, ఆయన కాలు నిలబెట్టు తండ్రీ. చెప్పు లేకుంట నీ మెట్లన్నీ ఎక్కిస్త." ఆమెను తప్పుపట్టను. మిగతా అందరి చేతుల్లో ఏదో ఒక పని ఉంది, ఆమె చేతిలో ఏమీ లేదు. మొక్కొక్కటే ఉంది.

పుండు ఆగింది. కాలు నిలిచింది.

1962, ఇంటి దగ్గర

డాక్టరు చెప్పి పంపించింది ఇది. దినం సూది. తీపి బంద్. అన్నం తగ్గించి, రొట్టె, కూర, పప్పు కొలతగా తినాలి. పొద్దున సాయంత్రం నడవాలి. చెప్పులు లేకుండా గడప కూడా దాటొద్దు. దినానికోసారి పాదాల అడుగుభాగం ఎవరైనా చూడాలి, నొప్పి చెప్పదు కాబట్టి కన్నే చెప్పాలి.

ఇందులో ఏ ఒక్కటీ మా ఇంటి పద్ధతికి సరిపడేది కాదు. మా కోడలు యాదమ్మ లేకపోతే నేను ఆ ఏడాదే పోయేవాణ్ణి. యాదమ్మ నా కొడుకు సత్తయ్య భార్య. పుట్టింట్లో అయిదో తరగతి దాకా చదివింది. మా ఇండ్లలో కోడలు మామ ముందర నిలబడదు, మామతో మాట్లాడదు. తలుపు చాటు నుంచి అత్తతో అంటే ఆ మాట మామ వినాలి. యాదమ్మ ఈ బీమారినంతా తలుపు చాటు నుంచే నడిపింది.

"అత్తమ్మా, రెండు రొట్టెలే. మామను మూడోది అడగొద్దను."

"నేను అడగలే," అనేవాణ్ణి గోడతో.

"అత్తమ్మా, మామ కండ్లు అడుగుతున్నయ్."

మందు సీసా చల్లగా ఉండాలన్నారు. మగ్గం గుంటలో నీళ్ల కుండ పెట్టి, తడిగుడ్డ చుట్టి, అందులో ఉంచింది. సూది వేడినీళ్లలో మరిగించి పెట్టేది. ఊరి కాంపౌండరు రహీం సాబ్ పొద్దున్నే సైకిల్ మీద వచ్చి సూది వేసేవాడు. "నువ్వు బట్టకు పొడుస్తవ్, నేను నీకు పొడుస్త. లెక్క బరాబర్," అనేవాడు. వానలో కూడా వచ్చాడు. రంజాన్ ఉపవాసాల్లో కూడా వచ్చాడు.

నాకొక్కడికే వేరే వండితే నేను పక్కవాళ్ల పళ్లెం చూసి ఏడుస్తానని యాదమ్మ ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టెలే చేసింది. జొన్నతో రోగం పోతుందని కాదు. కొలత తప్పకుండా తినడానికి, కడుపు నిండినట్టుండడానికి అది పనికొచ్చింది. గాజు గొట్టంలో ఎరుపు పోయి పచ్చ వచ్చింది. దప్పిక తగ్గింది. మళ్లీ మగ్గమెక్కాను. మూడు వేళ్ల కాలితో తొక్కాను.

కానీ వాడకట్టు ఊరుకుంటుందా? చూడడానికి వచ్చేవాళ్లు వట్టి చేతులతో రారు. బెల్లం, అరటిపండ్లు, లడ్డూలు. యాదమ్మ వాటిని నా ముందర నుంచే తీసుకుపోయి పంచేది. నర్సయ్య ఒకసారి వచ్చి రొట్టెల పళ్లెం చూసి ఇంటి మధ్యలో నిలబడి అరిచాడు.

"వదినా! మా అన్నకు గడ్డి ఏస్తున్నరా? తెల్లన్నం తిన్న మనిషిని మల్ల జొన్నలకు దించిన్రా? కోడలొచ్చి ఇల్లు ఏలుతాంది, మీరు నోరు మూసుకొని కూసున్నరు!"

లచ్చమ్మ తలవంచుకుంది. సత్తయ్య ఏమీ అనలేదు. వాడు ఎప్పుడూ ఏమీ అనడు. తలుపు చాటు నుంచి గాజుల చప్పుడు వినబడింది. ఆ పూట నర్సయ్య తెచ్చిన జిలేబీ నేను రెండు తిన్నాను. తమ్ముడి మాట నిలబెట్టడానికని తిన్నాను. నిజం చెప్పాలంటే, తీపి కోసమే తిన్నాను.

అప్పుడే నర్సయ్య మొక్కు మాట ఎత్తాడు. "కాలు నిలబెట్టుమని అడిగిన్రు. నిలబెట్టిండు. ఏడాది కావొస్తాంది. బాకీ ఉంచుకుంటరా దేవునికి?" మగ్గం పలక విరిగినా, సత్తయ్యకు జ్వరమొచ్చినా, మొక్కు తీర్చలేదనే మాటే వచ్చింది. చివరికి లచ్చమ్మకు నిద్ర పట్టడం మానేసింది.

1963 మే

పోవాలనుకున్నది చీకటితో. చల్లపూటే ఎక్కి దిగాలని యాదమ్మ అత్త చేత చెప్పించి అందరినీ ఒప్పించింది. బస్సు దారిలో చెడిపోయింది. రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద కూర్చొని కూర్చొని, గుట్ట కిందికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మెట్ల రాళ్లు పెనం లెక్క ఉన్నాయి. దిగి వస్తున్న జనం ఎగిరెగిరి అడుగులు వేస్తున్నారు.

"అత్తమ్మా, సాయంత్రం దాక ఆగుదమను," అంది యాదమ్మ.

నర్సయ్య విన్నాడు. "దేవుని కాడికొచ్చి నీడ చూసుకుంటరా? సాయంత్రం బస్సు లేదు. అన్నా, నువ్వు చెప్పు."

అందరూ నా దిక్కు చూశారు. నేను చెప్పుల వార్లు విప్పాను.

అప్పుడు జరిగింది మా ఇంట్లో ఎప్పుడూ జరగనిది. యాదమ్మ కొంగు సర్దుకొని, అత్తను దాటి, నా ఎదురుగా వచ్చి నిలబడింది. నా మొహంలోకి చూసింది.

"మామా, చెప్పులు ఇడువకు."

అంతే అంది. ఆమె గొంతు అంత దగ్గర నుంచి నేనెప్పుడూ వినలేదు. నర్సయ్య నవ్వు వినబడింది. "ఇగో, ఇప్పుడు మామకు ఎదురొచ్చి గూడ చెప్పవట్టె!" లచ్చమ్మ కోడలి చెయ్యి పట్టి వెనక్కి లాగింది. నాకు సిగ్గేసింది. కోడలి మాట విని దేవుని మెట్లు చెప్పులతో ఎక్కినోడని పేరు పడుతుందనిపించింది. చెప్పులు అక్కడే విడిచి మెట్టెక్కాను.

లచ్చమ్మ "అబ్బా" అంటూ చీర కుచ్చిళ్లు కిందేసుకొని వాటి మీద అడుగు పెట్టింది. సత్తయ్య పరుగెత్తి పైనున్న కాస్త నీడలోకి పోయాడు. నర్సయ్య ఒంటికాలి మీద ఎగిరాడు. నేను మాత్రం నిదానంగా, నిండు అడుగులతో ఎక్కాను. రాయి నాకు చల్లగానూ లేదు, వేడిగానూ లేదు. ఏమీ లేదు.

దిగేవాళ్లు ఆగి చూశారు. ఒకామె చేతులు జోడించింది. "చూడున్రి, పెద్దాయన ఎట్ల నడుస్తుండో! గంత ఎండల! స్వామి చల్లగ చూస్తుండు."

నర్సయ్య గట్టిగా అన్నాడు, "మా అన్నే!"

ఆ మాటలు నాకు బాగున్నాయి. ఇంకా నిదానంగా నడిచాను. కొబ్బరికాయ కొట్టాను, మళ్లీ అట్లాగే దిగాను.

కింద కూర్చున్నాక యాదమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, ఎవరినీ అడగకుండా నా కుడికాలు ఎత్తి చూసింది. అడుగుభాగం తోలు ఊడి వేలాడుతున్నది. నీళ్లు పోసింది, అంతే. నొప్పి నాకు అప్పుడూ లేదు.

జూన్‌లో మోకాలి కింద తీసేశారు. అదే దవాఖాన, అదే వరండా. ఈసారి ఎవరూ ఏమీ మొక్కుకోలేదు.

ఇప్పుడు

ఇది రాస్తున్నది 1968లో. మగ్గమెక్కలేను. వాకిట్లో కూర్చొని చిటికి కడతాను. నూలు పోగులకు రంగు అంటకుండా ముడులు వేసే పని, దానికి కాళ్లతో పని లేదు. సత్తయ్య మగ్గం తొక్కే చప్పుడు లోపలి నుంచి వినబడుతుంది. కొన్ని పొద్దులు ఆ చప్పుడు వినలేక వాకిలి వదిలి చంక కట్టెల మీద బజారుకు పోతాను. సూది దినం పడుతుంది. ఎడమకాలు మిగిలింది. దాన్ని యాదమ్మ దినం సాయంత్రం ఒడిలో పెట్టుకొని చూస్తుంది. తలుపు చాటు పోయింది. ఎదురుగా కూర్చొని నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆమెనే.

నర్సయ్య నా మొండి కాలును చూసిననాడు గోడకు తల కొట్టుకొని ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, "అన్నా, నాకు గూడ దప్పిక మస్తయితాంది. రెండేండ్లయింది. చెప్పలే," అన్నాడు. పట్టుకొనిపోయి గొట్టంలో కాపించాం. ఎరుపే. ఇప్పుడు వాడూ రొట్టెలే తింటాడు, తిట్టుకుంటూ తింటాడు. వాడికి రెండు కాళ్లూ ఉన్నాయి.

ఈ బీమారి ఒకరికి వచ్చిందంటే తోడబుట్టినవాళ్లందరూ చూపించుకోవాలి. వచ్చినవాళ్లు నొప్పి లేదు కదా అని ధైర్యపడొద్దు. నొప్పి లేకపోవడమే ఈ బీమారిలో చెడ్డది. కాలిలో జీవముంటే రాయే చెబుతుంది, దిగు అని. జీవం లేకపోతే మనుషులు చెప్పాలి, మనం వినాలి. నాకు చెప్పినవాళ్లు లేకపోలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం గుట్ట మెట్ల మీద ఉన్నవాళ్లు: మొక్కిన లచ్చమ్మ, తీర్చమన్న నర్సయ్య, ఏమీ అనని సత్తయ్య, చేతులు జోడించిన ఆ పేరు తెలియని ఆమె, మెట్టెక్కిన నేను. నా వెనకాలే, కాలుతున్న రాళ్ల మీద ఉత్త కాళ్లతో, నా చెప్పులు రెండు చేతులతో పట్టుకొని పై దాకా వచ్చిన యాదమ్మ.